పాప నవ్వు

మాటలు రాని ఏడేళ్ల పాప తల్లి ఒళ్లో బిగుసుకుని ఉంది. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టింది.

“పరీక్షల్లో ఏమీ దొరకలేదమ్మా. కానీ తిండి మానేసిందంటే ఎక్కడో నొప్పి ఉన్నట్టే. మందు మొదలుపెట్టి చూద్దాం.”

“నొప్పైతే ఏడవదాండీ? ఇది ఈమధ్య ఒకటే నవ్వు.”

“నవ్వేటప్పుడు పిడికిళ్లు బిగిస్తుందా? చెమటలు పోస్తాయా?”

“పోస్తాయండీ. అంతలా నవ్వుతుంది మరి.”

“కొందరు పిల్లలకి నొప్పి నవ్వులాగే బయటికొస్తుందమ్మా.”

“అదేంటండీ... ఇంటిల్లిపాదీ దాంతోపాటు నవ్వుతున్నామే!”

తల్లి సంచిలోంచి పాప నవ్వు గలగలా వినబడింది. ఒళ్లో పాప పెదవి కదపలేదు.

“ఫోనేగా? తీయండమ్మా.”

“మా ఆయనండీ. ముచ్చటపడి ఆ నవ్వు రింగ్‌టోన్‌గా పెట్టిందీ ఆయనే. తీసి ఏమని చెప్పను?”