దారి చూపిన జొన్నరొట్టె

ఎనిమిదొందల మంది పిల్లలకు అన్నం పెట్టినంక ఎవలికైనా మాట్లాడ బుద్ధిగాదు. సూగప్పకు మాత్రం అప్పుడే నోరు లేస్తది. శక్తినగర్ రోడ్డు మీది ఆ ఇంజనీరింగు కాలేజి క్యాంటీన్ల సాయంత్రం నాలుగైందంటే, గంగాళాలు బోర్లేసి, పొయ్యిలార్పి, వెనుక అరుగు మీద చాయ్ తాగుకుంట కూలవడుతరు అందరు. కూలవడ్డోళ్లు ఎక్కడికి ఉరుకుతరు? వినాల్సిందే.

ఆ దినం అరుగు మీద నలుగురున్నరు. అన్నం గంగాళాలు మోసే సూగప్ప. గిన్నెలు కడిగే యల్లేశ్. పొద్దుగాల రొట్టెలు చేసి, మధ్యాహ్నం కౌంటరు కాడ నిలబడి వడ్డించే ఉలిగెమ్మ, గోడకానుకొని రెండు కాళ్లు బారుగ చాపుకొని కూసుంది. నాలుగో ఆయన కొత్త మేనేజరు కుమారస్వామి. సింధనూరు దిక్కు కోస్తా రైతుల క్యాంపుల పుట్టి పెరిగినోడు గావట్టి మాట కోస్తా మాట. వచ్చి వారం గాలే, చేతిలకెల్లి నోటుబుక్కు దించడు.

ఆ నోటుబుక్కు తోనే వచ్చింది తిప్పలంత. పొద్దుగాల అందర్ని పిలిచి చెప్పిండాయన. పది క్యాంటీన్లు చూసిన గని లైను ఇంత సాఫుగ నడిచేది ఎక్కడ చూడలేదన్నడు. ఈ ఏర్పాటు చేసిందెవరో వాళ్లను కౌంటరు మీద పెద్దగ పెడతనన్నడు, కుర్చీ ఏయిస్తనన్నడు. మిగిలినోళ్లంత వంతుల మీద గిన్నెల కాడికి పోవాలె. సాయంత్రం చాయ్ కాడ తేలుస్తనన్నడు.

గిన్నెల కాడ అంటే తడి బండల మీద రెండు గంటలు గొంతుక్కూసునుడు. ఉలిగెమ్మకు ఏడాది సంది మోకాళ్లు మడతవడుత లేవు. కుర్చీ దొరికితే పని ఉంటది, దొరక్కుంటే పని బంద్ చేసి ఇంట్ల కూసోవాలె. ఆ సంగతి యల్లేశ్‌కు తెలుసు. సూగప్పకు గూడ తెలుసు గని, మాట మొదలువెట్టినంక ఆయనకు ఏదీ యాదుండది.

"మీరడిగిండ్రు గావట్టి చెప్తున్న సార్," అని మొదలువెట్టిండు సూగప్ప, తువ్వాల దులిపి భుజం మీదేసుకొని. "లేకుంటే నా గురించి నేను చెప్పుకునే అలవాటు నాకు లేనే లేదు."

యల్లేశ్‌కు చాయ్ గొంతుకు అడ్డం వడ్డది.

"దగ్గకుర, విను. ముందుగల ఈడ బోర్డులుండె సార్. పాత కాంట్రాక్టరు ఇంగ్లీషుల ఒకటి, కన్నడల ఒకటి, ఇంతింత పెద్దయి రాయించి పైన కొట్టిచ్చిండు. చూసేటోడెవడు? తెలంగాణ పిల్లగాండ్లకు కన్నడ రాదు. వచ్చినోళ్లకు తల లేపే తీరిక లేదు, అందరి మొఖం ఫోన్లనే. రొట్టె కావాల్సినోడు అన్నం లైన్ల అర్ధగంట నిలబడుడు, మొదటికొచ్చినంక 'అయ్యో, ఇది రైసా!' అని అడ్డం దూకుడు, వీని సాంబారు వాని అంగి మీద ఒలుకుడు. ఒక్కటే కిరికిరి. నేను చూసిన, చూసిన, ఇట్ల గాదనుకున్న. ఒక కడక్ రొట్టె తీసుకున్న, మంచిగ ఎండి కటకటలాడేది. నడిమిట్ల మొలతోని ఠక్కుమని ఒక బొక్క పొడిచిన, దారం గట్టిన, రొట్టెల కౌంటరు మీద సరిగ్గ మొఖానికి తగిలేటట్టు ఏలాడగట్టిన. నీళ్ల డ్రమ్ము మీద గిలాస. ప్లేట్ల కాడ ప్లేటు. ఫోను చూసుకుంట వచ్చెటోనికి గిలాస నెత్తికి టంగుమని తగిలిందనుకో, వాడే తల లేపుతడు. ఇంక బోర్డెందుకు సార్?"

మొలతోని పొడిచిన అన్న మాట కాడ ఉలిగెమ్మ ఒక్కసారి తలెత్తి చూసింది. మల్ల దించుకుంది.

ఆ ఆలోచన ఆమెది. ఉలిగెమ్మ మస్కి దిక్కు మనిషి, బడికి పోలేదు. మస్కి సంతల ఏ అంగడికి బోర్డుండదు. తాళ్లమ్మేటోడు తాడు ఏలాడగడతడు, చాటలమ్మేటోడు చాట ఏలాడగడతడు, దూరంకెల్లి చూసుకుంటనే నడిచిపోవచ్చు. బోర్డు కింద నిలబడి తికమకపడే చదువుకున్న పిల్లల్ని చూసి ఆమెకు నవ్వొచ్చింది, తర్వాత పాపమనిపించింది. మర్నాడు రొట్టెకు దారం గట్టే తెచ్చింది. సూగప్ప స్టూలెక్కి పైన దూలానికి మొల కొట్టి తగిలించిండు. ఆయన చేసింది గంతే. మూడేండ్లల్ల ఆ మొల పెరిగి పెరిగి గింతదాక వచ్చింది.

చెప్పొచ్చు ఆమె. కాని పొద్దుగాల ఐదు గంటల సంది పెనం ముందర నిలబడ్డ మనిషి, ఇది నాది అని కొట్లాడాల్నంటే గూడ ఒంట్ల సత్తువుండాలె. ఇంకొకటి, సూగప్ప చెడ్డోడు గాదు. ఆయన కోతలు వింటుంటే మోకాళ్ల నొప్పి యాదికి రాదు, అది మాత్రం కోత గాదు.

"ఎంత టైము తగ్గిందండీ?" అని అడిగిండు కుమారస్వామి.

"నలభై నిమిషాలు పట్టేది సార్, పదికి దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పది ఐదయ్యింది. ఐదు రెండయ్యింది. ఎనిమిదొందల మంది తిని చేతులు కడుక్కొని పోయిండ్రు, గోడ మీది గడియారం పెద్దముల్లు ఉన్నకాడనే ఉన్నది!"

"సెల్లు అయిపోయుంటది అన్నా," అన్నడు యల్లేశ్.

"సెల్లు నేనే ఏసిన ఆ పొద్దుగాల! విను. ఆ దినం కరెంటు లేదు సార్. అయినా పైన ఫ్యాన్లు గిర్రుమని తిరుగుతున్నయి. ఇదేంది దేవుడా అని చూస్తే, లైను ఉరుకుడుకు పుట్టిన గాలి సార్ అది! బైటికి పోయి చూస్తే మీటరు ఎనక్కు తిరుగుతుంది. మీటరు రాసుకునేటాయన వచ్చిండు, చూసిండు, కండ్లు తుడుచుకొని మల్ల చూసిండు, పుస్తకం సంకల వెట్టుకొని మాట్లాడకుంట పోయిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పండి చెప్పండి," అన్నడు కుమారస్వామి. పెన్ను మూత వెట్టేసిండు.

"మూడోనాటికి శక్తినగర్‌కెల్లి రెండు జీపులల్ల కరెంటు ఫ్యాక్టరీ ఇంజనీర్లు దిగిండ్రు. అందరికి నెత్తి మీద పచ్చ టోపీలు. 'సూగప్పగారు, ఒక్క మూడు దినాలు మీ లైను మాకియ్యుండ్రి, మా బాయిలర్లకు జర సెలవు దొరుకుతది' అన్నరు. పాపం, పెద్దమనుషులు అడుగుతున్నరు, కాదంటనా? ఇంత మందం వైరు తెచ్చి మన సాంబారు కౌంటరుకు కలిపిండ్రు. ఆ మూడు దినాలు పొగగొట్టాలల్ల పొగ లేదు సార్, పిట్టలు గూళ్లు వెట్టినయి! ఇడపనూరు రైతులు బోరు మోటర్లు నడిపిండ్రు మన లైను మీద. సాంబారు కోసం నిలబడ్డ పిల్లగాండ్లతోని పత్తికి నీళ్లు పారినయి!"

"బాయిలర్లకు సెలవు దొరికింది గని," అన్నడు యల్లేశ్, సబ్బునీళ్లకు తెల్లగ నానిపోయిన చేతులు చూసుకుంట, "మనకెన్నడు దొరకలే."

ఎవలు నవ్వలే. సూగప్ప చెయ్యి నడుము మీదికి పోయింది. గంగాళాల బరువుకు ఆయన నడుము గూడ ఎన్నడో వంగింది. గని ఆగితే ఆయన సూగప్ప ఎట్లయితడు?

"అసలు సంగతి ఇంక చెప్పనే లేదు సార్. నాలుగోనాడు లైను ఇంక జోరందుకుంది. మొదటోడు తిన్నడు, చెయ్యి కడుక్కున్నడు, ఇంకో రొట్టె తిందామని పోయి ఎనుక నిలబడ్డడు. చూస్తే ముందర ఎవని వీపుంది? వాని వీపే! వాని అంగి, వాని సంచి. 'జరుగుర భాయ్' అని వాని భుజం వాడే తట్టుకున్నడు! ఆకలి పుట్టకముందే తిన్నోళ్లున్నరు. ముందుగల తేన్పు, తర్వాత అన్నం. ఐదోనాడు ఏమైందో తెలుసా? మంగళారం లైన్ల నిలబడ్డోడు సోమారమే తినిపోయిండు!"

కుమారస్వామి కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. "మరి వంట ఎలా సరిపోయిందండీ?"

"అడుగుండ్రి ఈ అక్కనే! రేపటి రొట్టెలు నిన్ననే చేసి పెట్టింది."

"అందుకేనేమో," అన్నది ఉలిగెమ్మ, మోకాళ్ల మీద అరచేతులు రుద్దుకుంట. "ఎన్ని దినాలు పండుకున్నా అలుపు తీర్తలేదు."

ఆ మాటకు మాత్రం అందరు నవ్విండ్రు. సూగప్ప అందరికంటె గట్టిగ నవ్విండు.

కుమారస్వామి నవ్వాపి, పెన్ను మూత తీసిండు. "సోమవారం, మంగళవారం సంగతి నేనేమీ అడగను సూగప్పగారూ. కానీ ఆ రొట్టె వేలాడదీయడం మాత్రం మామూలు ఆలోచన కాదు. మీకు కుర్చీ ఇవ్వాల్సిందే. రేపు కాలేజీ పెద్దవాళ్లు చూడ్డానికి వస్తున్నారు, పైనున్న రొట్టె అంచు విరిగిపోయి ఉంది. కొత్తది ఒకటి కట్టేయండి. ఈలోగా నేను పేరు రాసేస్తాను."

"గదెంత పని సార్! అక్కా, ఒక రొట్టె ఇట్ల పారెయ్యి. యల్లేశా, మొల, సుత్తె!"

రొట్టెల బుట్ట ఉలిగెమ్మ పక్కనే ఉంది. పైన మామూలు కడక్ రొట్టెలు. అడుగుల, గుడ్డల చుట్టి ఇంకొకటుంది. కౌంటరు మీద ఏలాడేది విరిగిందని ఆమె పొద్దుగాలనే చూసి, దాని జాగల కట్టేటందుకు చేసి పెట్టింది. అలవాటు మీద చెయ్యి ఆ గుడ్డ దాకనే పోయింది. అది ఇస్తే సూగప్ప కట్టేస్తడు, కుర్చీల కూసుంటడు, రేపటి కథల ఇంకో మోటరు నడుస్తది. తనతోని రేపు తడి బండల మీద కూసునుడు గాదు. మోకాలు కలుక్కుమంది. చెయ్యి ఎనక్కు తీసుకుంది, పైనున్న మామూలు రొట్టె తీసి సూగప్ప చేతికిచ్చింది.

సూగప్ప రొట్టెను అరుగు మీద పెట్టి, నడిమిట్ల మొల ఆనిచ్చి, సుత్తెతోని ఒక్కటేసిండు. రొట్టె నాలుగు ముక్కలయ్యింది.

"గిది సరిగ్గ కాలలే," అన్నడు. "ఇంకొకటియ్యి."

ఇంకొకటిచ్చింది. ఈసారి సుత్తె పక్కన వెట్టి, మొలను మెల్లగ తిప్పుకుంట పొడిచిండు. టప్పుమని రెండు ముక్కలు. మూడోది ఒడిల వెట్టుకొని, ఊపిరి బిగబట్టి చేసిండు. అది పొడి పొడి అయ్యి పంచె నిండ రాలింది.

"అన్నా," అన్నడు యల్లేశ్, "రేపటి రొట్టెకు నిన్ననే పొడవాలెనేమో చూడు."

కుమారస్వామి నవ్వలే. సూగప్ప చేతుల దిక్కు చూస్తున్నడు. సూగప్ప నుదుటి మీద చెమట వట్టింది. నాలుగో రొట్టె అడగలే.

ఉలిగెమ్మ అప్పుడు బుట్ట అడుగుల చెయ్యివెట్టి గుడ్డ విప్పింది. లోపట రొట్టె గుండ్రంగుంది, పై అంచు కాడ వేలు పట్టేంత బొక్క. ఆమె కొంగుముడిల పెట్టుకున్న దారం తీసి, ఎక్కించి, ముడేసి కుమారస్వామికి అందిచ్చింది.

"పెనం మీద ఏసినంక రొట్టె పైన నీళ్లు పూస్తం గద సార్," అన్నది. ఉప్పు సరిపోయిందని చెప్పినట్టే చెప్పింది. "ఆ తడి ఆరకముందే పుల్లతోని పొడవాలె. కాలి ఎండినంక ఎవలు పొడిచినా పగులుడే."

కుమారస్వామి రొట్టెను పైకెత్తి ఆ బొక్క దిక్కు చూసిండు. "మూడేళ్లుగా మీరెందుకు చెప్పలేదమ్మా?"

"అడిగినోళ్లెవలు సార్?"

సూగప్ప పంచె మీది పొడి దులుపుకోలే. ఒక ముక్క తీసుకొని చల్లారిన చాయ్‌ల ముంచిండు, తినలే. "పైన మొల మాత్రం నేనే కొట్టిన సార్," అన్నడు. ఆయన గొంతు అంత చిన్నగ అరుగు మీద ఎవలు ఎన్నడు వినలే.

"కొట్టిండు సార్," అన్నది ఉలిగెమ్మ. "స్టూలెక్కుడు నాతోని యాడయితది? సూగప్పనే కొట్టిండు."

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏం గాలే. కుమారస్వామి రాసిన పేరు కొట్టేసి ఇంకో పేరు రాసుకున్నడు. యల్లేశ్ ఆఫీసు గదిలకెల్లి కుర్చీ తెచ్చి అరుగు మీద ఏసిండు. ఉలిగెమ్మ గోడ పట్టుకొని లేవబోతే లేవరాలే, సూగప్ప చాయ్ పక్కన వెట్టి వచ్చి భుజమిచ్చిండు. ఆమె కూసుంది. పదకొండేండ్లల్ల ఆ క్యాంటీన్ల ఉలిగెమ్మ కుర్చీల కూసునుడు అదే మొదటిసారి.