నల్లముసుగు కట్టిన బెల్టు

స్టైలట! విన్నాను మాస్టారూ మీ ఇంటర్వ్యూ. మా పక్కింటావిడ ఫోన్ తెచ్చి మరీ మొహం ముందు పెట్టింది. "అది నాకంటూ ఉన్న ప్రత్యేకమైన స్టైలండీ" అన్నారు కదూ? కాలు మీద కాలేసుకుని, గడ్డం నిమురుకుంటూ. ఎంత బాగా అన్నారు!

అయ్యో, లేవకండి. నడుముకి పట్టీ కట్టుకున్నారుగా, నాకు మర్యాదలెందుకు? తలుపు నేనే వేశాను. గడియ కూడా పెట్టాను. కంగారు పడకండి, నేను అరిచే మనిషిని కాను. అరవడానికి బయట ఆ మైకు ఉంది.

గుర్తుపట్టలేదా? డైరెక్టరుగారి భార్యని. ఆఁ, ఆ "ప్రార్థనల వదినగారి"నే. షూటింగులో అందరూ నన్ను అలాగే అనేవారటగా. మంచి పేరే, నేనేం అనుకోలేదు.

హాలు చూశారా? నిండిపోయింది. మా ఆయన తీసిన పిల్లల కరాటే సినిమాలు అప్పట్లో ఆడిన చోట ఇంతమంది వచ్చి ఉంటే ఆయన ఇంకో నాలుగేళ్లు బతికేవాడు. ఇప్పుడొచ్చారు మహానుభావులు. చిన్నప్పుడు చూసినవాళ్లే, వాళ్ల పిల్లల్ని వేసుకుని మరీ వచ్చారు. దేనికి? నవ్వడానికి. పడీ పడీ నవ్వడానికి. నవ్వనివ్వండి, పాపం. నవ్వేలాగే ఉంటాయవి.

విలన్ స్థావరం మా స్టోర్ రూమ్. నీలం బల్బు పెడితే పాతాళగృహం. ఫైట్లన్నీ మా అత్తగారి మేడ మీద. ఒక తన్ను తంతే దుమ్ము లేవాలని పిల్ల కాలికి టాల్కం పౌడరు. విలన్ నల్లముసుగు వేషం గొడుగు గుడ్డతో కుట్టింది. కుట్టింది నేనే. వాన పడితే వేషం తడవదు, లోపలి మనిషి మాత్రం ఉడికిపోతుంది.

లోపలి మనిషి ఉడికిపోతుందని నాకెలా తెలుసంటారా? చెప్తాను, తొందరేముంది. మిమ్మల్ని స్టేజీ మీదకి పిలవడానికి ఇంకా టైముంది. ముందు సన్మానపత్రం చదవాలిగా, అందులో విశేషణాలకే పావుగంట.

ముందు ఆ స్టైలు సంగతి తేల్చుకుందాం. జనం ఫోన్లలో తిప్పితిప్పి చూసి నవ్వుకునే ముక్క అదేగా? మేడ మీద నల్లముసుగు, ఎదురుగా మా అమ్మాయి, అదే, సినిమాలో మిరపగింజ. ఇద్దరూ చేతులెత్తారు. గాలికి జెండా రెపరెపలాడుతోంది. ఇక తన్నుకోవడమే తరువాయి. అప్పుడు నల్లముసుగు ఏం చేశాడు? ముందుకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిల్ల బెల్టు విప్పి, మళ్లీ గట్టిగా ముడేసి, జుట్టు సర్ది, వెనక్కెళ్లి నిలబడి, అప్పుడు "రా" అన్నట్టు చెయ్యూపాడు.

లోకంలో ఏ విలనైనా చేస్తాడా మాస్టారూ ఆ పని?

"శత్రువుని కూడా గౌరవించడం నా స్టైలు" అని చెప్పారు మీరు. యాంకరమ్మాయి కళ్లు తుడుచుకుంది కూడాను. నిజానికి బెల్టు వదులైంది. అంతే. రెండు కొసలూ కాళ్ల కింద పడుతున్నాయి. పిల్ల పరిగెత్తుకొస్తే తట్టుకుని పిట్టగోడ మీదకి పోతుంది. ఫిల్ము కొద్దిగా మిగిలింది, మళ్లీ తీసే దారి లేదు, మా ఆయన అలాగే ఉంచేశాడు. "ఎవడు చూస్తాడులేవే" అన్నాడు. ఇదిగో, లోకమంతా చూస్తోంది.

ఇంకోటి కూడా చెప్పారు. ముసుగు వెనక నల్లముసుగు పెదాలు ఎప్పుడూ కదులుతుంటాయట, అది మీ శ్వాస సాధనట! దేవుడా! అది ప్రార్థన మాస్టారూ. "తండ్రీ, పిల్ల పడకుండా చూడు, పిల్ల పడకుండా చూడు" అని. ఇంట్లో ప్రార్థనకి వెళ్తున్నానని చెప్పి వచ్చాక, అది అబద్ధం కాకూడదుగా మరి.

ఏంటలా చూస్తారు? నీళ్లు తాగండి.

మొదటి సినిమా మొదటి రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మీరు గాల్లోకి ఎగిరారు, ఆ పౌడరు మీద జారారు, నడుము పట్టేసింది. అప్పటి నడుమే కదూ ఇది? ఆ వారమే పెద్ద హీరోకి డూపుగా పిలుపొచ్చింది మీకు. వెళ్లిపోయారు. తప్పంటానా? అనను. అక్కడ బిర్రుగా భోజనం, ఇక్కడ మా అత్తగారి సాధింపులు. ఎవరైనా వెళ్తారు.

కానీ టైటిల్ కార్డులు ముందే రాయించేశాడు మా ఆయన. నల్లముసుగు అని, కింద మీ పేరు. వాటిని మళ్లీ రాయించడానికి చేతులు రాలేదు మహానుభావుడికి. అన్ని సినిమాలకీ ఆ కార్డే వాడేశాడు. అందుకేగా ఈ సభ పెట్టిన కుర్రాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. వచ్చి "మీరేనా?" అన్నారు. మీరు "నేనే" అన్నారు. చిన్న మాట. ఎంతసేపు పడుతుంది?

మీరు వెళ్లిపోయాక మా ఆయన మేడ మెట్ల మీద తలపట్టుకుని కూర్చున్నాడు. నేను టీ పట్టుకెళ్లాను. గ్లాసు అందుకోకుండా నన్ను పైకీ కిందకీ చూశాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడలేదు. "ఇదిగో, ఆ గొడుగు గుడ్డ నీ కొలతకి సరిపోతుంది కదూ?" అన్నాడు.

ఊఁ. నేనే.

ఏం, నమ్మకం కుదరట్లేదా? ఆడమనిషి, అందులోనూ నోట్లో నాలుక లేని మనిషి? ముసుగేసుకుంటే నోటితో పనేముంది మాస్టారూ?

అత్తగారికి తెలిస్తే కోడలు ప్యాంటేసుకుని మేడ మీద గెంతుతోందని ఇల్లు పీకి పందిరేసేది. అందుకని ఆవిడకి ప్రార్థన కబురు. అది సరే. మరి పిల్లకెందుకు చెప్పలేదంటారా? అది మా ఆయన తెలివి. "నువ్వని తెలిస్తే అది తన్నదే. వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. దాని కళ్లలో భయం కావాలి నాకు" అన్నాడు. కళ్లలో భయమట! చూసేది పిల్లలు, చూపించేది పౌడరు.

గొంతు విప్పితే పట్టేస్తుందని మాట్లాడేదాన్ని కాను. స్టోర్ రూమ్‌లో గోడవైపు తిరిగి తినేదాన్ని. పిట్టగోడ మీంచి పరుపు మీదకి దూకేది కదా, ప్రతిసారీ పరుపు కంటే ముందు నా చేతులుండేవి. మోకాలు గీరుకుంటే ముసుగులోంచే ఊదేదాన్ని. సాయంత్రం వేషం దాచేసి, కిందకొచ్చి, అదే మోకాలికి మందు రాస్తుంటే అది నన్ను చూసి మొహం తిప్పుకునేది. "నువ్వు ఊదకు. నల్లముసుగు అంకుల్ ఊదేశాడు" అనేది.

నవ్వండి, ఫర్వాలేదు. నేనూ నవ్వాను అప్పుడు.

ఒకరోజు కెమెరా మొరాయించి షూటింగ్ ఆగింది. మేమిద్దరం నీళ్ల ట్యాంకు నీడన కూర్చున్నాం. అది నా చెయ్యి పట్టుకుంది. చేతికి గ్లవ్సున్నాయి, అదొకటి నయం. "అంకుల్, మా అమ్మకి నా సినిమాలంటే ఇష్టం లేదు. ఒక్కసారి కూడా షూటింగ్‌కి రాదు. ఎప్పుడూ దేవుడే. నువ్వు మా ఇంట్లో ఉండిపోకూడదూ?" అంది.

తలూపాను. అంతకంటే ఏం చెయ్యను?

తర్వాత చెబుదాం, పెద్దదయ్యాక చెబుదాం అన్నాడాయన. చెప్పాల్సిన మనిషి దాటిపోయాడు. అప్పుడు నేను చెబితే ఎలా ఉంటుంది? ఉన్న ఒక్క అంకుల్నీ దాని దగ్గర్నుంచి లాక్కున్నట్టుండదూ? అమ్మ మీద కోపమైతే దానికి అలవాటే. ఉండనీ అనుకున్నాను.

ఉండనిచ్చాను కూడా. ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరు ఎవర్ని ఏమన్నారు, ఏ ఫొటోలో పక్కనున్నది ఎవరు, అన్నీ నన్నే అడుగుతారు. అన్నీ చెప్తాను. ఇదొక్కటి ఎవరూ అడగలేదు.

అడగలేదు కానీ నిన్న అది ఊరంతా వినేలా చెప్పింది. విన్నారుగా? "మా అమ్మ ఎప్పుడూ ప్రార్థనల్లో ఉండేది. నన్ను పడకుండా పట్టుకున్న చేతులు మాత్రం నల్లముసుగు అంకుల్‌వి. ఇప్పుడు నేను పిల్లలకి కరాటే నేర్పుతున్నానంటే ఆయన పుణ్యమే" అంది. అందుకే వచ్చాను మాస్టారూ. స్టేజీ ఎక్కి, మైకు లాక్కుని, నా గొంతుతో నేనే చెబుదామని...

ఏవీ, మీ చేతులు చూపించండి. ఓహో. మంచం కోళ్లలా ఉన్నాయి. గ్లవ్సున్నా సరే, ఆ సినిమాలో చేతులు చూస్తే పసిపిల్లకైనా తెలుస్తుంది. జనం నవ్వడానికి తప్ప చూడటానికి చూడరు.

ఇదుగో, ఏడవకండి. మేకప్ కారుతుంది. తెలుసు, మిమ్మల్ని పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో. డూపులకి ముసుగు లేకపోయినా మొహం ఉండదు. ఇద్దరిదీ ఒకటే కులమనుకోండి.

సరే, ఆ మాట వదిలేద్దాం. అసలు పని చూడండి. ప్రోగ్రాంలో ఏముంది? నల్లముసుగు వేషంలో రావాలి, మా అమ్మాయి గాల్లోకి లేచి తన్నాలి, ఆ కాలు పట్టుకోవాలి, తర్వాత ముసుగు తియ్యాలి, షీల్డు అందుకోవాలి. అవునా? ఏదీ, పట్టుకోండి. ఎడమ చెయ్యి... కుడి కాదు, ఎడమ. అది కుడికాలితో వస్తుంది. మడమ కింద చెయ్యి పెట్టి భుజం వెనక్కి... అయ్యో! అయ్యయ్యో, కూర్చోండి, కూర్చోండి. పట్టేసిందా?

ఇదీ సంగతి. అది ఆచితూచి తన్నే పిల్ల కాదు. మీ మీద అంత నమ్మకం దానికి, కళ్లు మూసుకుని ఎగురుతుంది. మీరు పట్టుకోలేకపోతే ఇద్దరూ పోతారు. ముందు వరసలో పిల్లలున్నారు. నల్లముసుగు నడుము పట్టుకుని మూలగడం వాళ్లు చూడాలా?

ఇలా ఇవ్వండి ఆ వేషం.

ఇవ్వమంటున్నానా? నా బట్టల మీదే వేసుకుంటాను. ఛీ, ఇదేం గుడ్డ, మెరుస్తోంది. దీనికంటే నా గొడుగే నయం. ఆ ముసుగు పట్టీ ముడేయండి వెనక. గట్టిగా. అదీ. మళ్లీ మీ పేరు మీద నేను గెంతడమే. ఏం కొత్త? మా ఆయనుంటే ఎంత సంబరపడేవాడో, ఒక ఆర్టిస్టు ఖర్చు మిగిలింది.

ముసుగు తీస్తానా అంటారా? నాకే తెలీదు మాస్టారూ. ఆ దేవుడికి కూడా ఇంకా చెప్పలేదు. తియ్యకుండా వెనక్కొచ్చేస్తే మీరు నవ్వుకుంటూ వెళ్లి షీల్డు పుచ్చుకోండి. తీస్తే... తీస్తే కుర్చీలోంచి లేవకుండా చప్పట్లు కొట్టండి, నడుముకి మంచిది.

ఒక మాట చెప్పనా? కోప్పడి రాలేదు నేను. కోపమనుకునే వచ్చాను. ఈ గుడ్డ మెడ మీద పడేసరికి తెలుస్తోంది. ఇంకొక్కసారి దాని కాలు ఈ చేతిలో పడాలి. అంతే. సిగ్గులేని కోరిక, ఈ వయసులో.

పిలుస్తున్నారు. తెర కాస్త పక్కకి లాగండి, చూస్తాను. అదిగో, వచ్చింది. ఎలా నిలబడిందో చూడండి, వాళ్ల నాన్నలాగే...

అయ్యో రాత! చూశారా? ఊళ్లో పిల్లలందరికీ నేర్పుతుందట. బెల్టు చూడండి మాస్టారూ. కొసలు రెండూ కాళ్ల కిందే.

జరగండి. తన్నులు తర్వాత. ముందు ఆ బెల్టు కట్టాలి.