జగన్నాధం ఖాళీగా ఉంచిన పక్క

ఈ రోజు నవంబరు పదహారు, ఆదివారం. మా తమ్ముడు జగన్నాధం పెద్దకర్మ నిన్ననే ముగిసింది. రాజాంలో ఈ హాలుకు వచ్చిన మీ అందరికీ వాడి అక్కగా నమస్కారం. కాగితం లేకుండా మాట్లాడదామనుకునే బయల్దేరాను. ఇక్కడికొచ్చి, ఈ బల్ల మీద వాడి ఇంజనును చూశాక, వెనక గదిలో కూర్చుని ఇది రాశాను. నోటికి వదిలేస్తే నా కోపం ఎక్కడ ఆగుతుందో నాకే తెలియదు.

అయ్యలారా, అమ్మలారా, వాడు మంచివాడని చెప్పడానికి నేను లేవలేదు. బ్యాంకులో పనిచేసినంత కాలం తోటివాళ్ళతో తగవులే. పెళ్ళివారింట్లో గోడ మీది ఫోటోలో రైలు కనిపిస్తే విస్తరి వదిలి కుర్చీ ఎక్కేవాడు. అలాంటి మనిషి. కానీ తెలియనిదాన్ని తెలుసని ఏనాడూ అనలేదు.

మా నాన్న చీపురుపల్లి అవతల మాంగనీసు గనిలో గుమాస్తా. గనికి ఒక చిన్న రైలు, దానికి ఒకే ఒక ఆవిరి ఇంజను. మా చిన్నతనంలోనే దాన్ని తుక్కు కింద కోసేశారు. రిటైరయ్యాక తమ్ముడు ఇత్తడి రేకుతో దాని నమూనా మొదలుపెట్టాడు. మరి కొలతలు? గనిలో పనిచేసినవాళ్ళ ఇళ్ళల్లో గోడలకు వేలాడే ఫోటోల నుంచి.

తవిటమ్మ గారింటికి నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. ఇంజను ముందు ఆమె భర్త నిలబడి దిగిన ఫోటో అది. వీడు భూతద్దం పట్టుకుని చక్రాలే చూస్తున్నాడు. ఆమె ఊరుకుంటుందా? "ఏటి బాబూ, నా పెనిమిటి మొకం సూడవేటి? ఆ సెక్రాల్ని నాను మనువాడినానా?" అంది. వీడికి సిగ్గు లేదు. "మీ ఆయన కాస్త పక్కకు జరగాల్సింది, వెనక చక్రం కనబడటం లేదు" అన్నాడు. నేను తల దించుకున్నాను. తర్వాత ఆ ముఖం ఒక్కటే పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి ఆమెకిచ్చాడు.

ఎన్ని ఫోటోలు దొరికినా అన్నీ ఒకే పక్క. ఎందుకు? ఆ పక్క సరుకు ఎక్కించే గట్టు. అధికారులు, ఆయుధపూజ దండలు, కొత్త చొక్కాలు అన్నీ ఆ పక్కే. రెండో పక్క బూడిద గుంట. అక్కడ ఉన్నది బూడిద ఎత్తిపోసే ఆడవాళ్ళు. అటు కెమెరా ఎవరు తిప్పుతారు?

వాళ్ళలో ఒకరు దాలమ్మ. ఈ సభలో వెనక వరుసలో కూర్చుని ఉంది. వాడు వెళ్ళి అడిగితే, "ఆ పక్క మమ్మల్నెవుడు పొటో తీసాడు బాబూ? మసీ మేమూ ఒకటే రంగు" అంది. నీళ్ళ తొట్టికి ఒక అతుకు రేకు, దాని కింద ఒక మెట్టు ఉండేవని చెప్పింది. వాడు కాగితం మీది బొమ్మలో వాటిని చుక్కల గీతతో గీసి పక్కన ఆమె పేరు రాశాడు. ఇత్తడిలో మాత్రం ఆ పక్కను నున్నగా వదిలేశాడు. "అప్పా, జ్ఞాపకం వేరు, కొలత వేరు. రెండూ కలిపితే రెండూ పాడవుతాయి" అన్నాడు నాతో. అక్కనైన నన్ను వాడు అప్పా అనే పిలిచేవాడు.

విజయనగరం ప్రదర్శనలో ఆ పక్క కూడా ఇటులాగే చేసి పెట్టమన్నారు. వాడు ఆ బోసి పక్కనే జనం వైపు తిప్పి, "ఈ పక్క మనకు తెలియదు" అని అట్ట ముక్క పెట్టి, రోజంతా నవ్వులు భరించాడు.

ఇక ఇవాళ. మురళీమోహన్, లేచి నిలబడు. రైలు అభిమానుల సంఘం అధ్యక్షుడివి. ఈ సభలో పెట్టడానికని నిన్న ఇంజను పట్టుకెళ్ళావు. ఇటు పక్క చూసి అటు పక్క ప్లాస్టిక్ ముక్కలు అతికించి, నల్లరంగు పూశావు. "అత్తా, పూర్తి సేసేసినాం, మావకి శాంతి" అన్నావు. శవానికి మీసం అతికించినట్టుంది. శాంతా? ఎవరికి? ఈ ఫ్లెక్సీ చూడండి. మంచులో పరుగెత్తుతున్న ఈ ఇంజను ఎవరిది? చీపురుపల్లిలో మంచు ఎప్పుడు కురిసింది? తమ్ముడి పేరు పక్కన దీన్ని పెట్టడానికి మీకు చేతులెలా వచ్చాయి?

దీనికంటే పెద్ద ప్రమాదం ముందు వరుసలో ఉంది. విశాఖ నుంచి వచ్చిన అనూరాధ గారు చిన్న రైళ్ళ మీద పుస్తకం రాస్తున్నారు. పొద్దున ఈ ఇంజనుకు రెండు పక్కలా ఫోటోలు తీసుకున్నారు. ఆమె తప్పు కాదు. కానీ అవి అచ్చయితే, ఎక్కడెక్కడో నమూనాలు చేసేవాళ్ళు ఈ అబద్ధాన్నే చేస్తారు. ఆ తర్వాత అటు పక్క కోసం ఇంకెవరు వెతుకుతారు? దాలమ్మ మాట ఎవరు వింటారు?

అందుకని ఇవి జరగాలి.

1. అనూరాధ గారూ, ఆ పక్క ఫోటోలు ఇప్పుడే చెరిపేయండి. చుక్కల గీతల బొమ్మ నేనిస్తాను.

2. మురళీమోహన్, ఆ ముక్కలు నువ్వే ఊడదియ్యి. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది, నేను ముట్టుకుని చూశాను. అందాకా అందరం కూర్చునే ఉంటాం.

3. ఆ ఫ్లెక్సీ దింపండి.

4. బూడిద గుంట వైపు నుంచి తీసిన ఫోటో, ఎంత చిరిగినదైనా, ఎవరి దగ్గరున్నా, మా ఇంటికి తెండి.

5. దాలమ్మా, ముందుకొచ్చి ఈ ఇంజను పక్కన కూర్చో.

6. అప్పుడు ఆ బోసి పక్కను మీ వైపు తిప్పుతాను. అందరూ లేచి, ఫోన్లు ఆపి, దాన్ని చూస్తూ మౌనంగా నిలబడండి. అది వాడు చేయకుండా వదిలేసిన పక్క కాదు. అన్నిటికంటే కష్టపడి చేసినది అదే.