సీవ్కా ఉమ్మేసిన గడ్డి

కార్పాతియన్ కొండల మీద మంచు మోకాటి లోతున పడింది. కొట్టంలో ముసలాయన, ఆయన కోడలు తమ పొట్టి గుర్రం సీవ్కా పక్కన నిలబడి ఉన్నారు.

“మావయ్యా, దీని బొచ్చులోకి చెయ్యి పెట్టి చూడండి.”

“అయ్యో, అన్నీ ఎముకలేనమ్మా. పైకి ఇంత బొచ్చు చూసి ఒళ్లు చేసిందనుకున్నాను.”

“గడ్డి సరిగ్గా వేస్తున్నారా?”

“తొట్టి నిండా వేస్తున్నాను. కాస్త నమిలి ఉమ్మేస్తోంది. పొగరెక్కిందని తిడుతున్నాను కూడా.”

“కింద పడున్న ఈ ఉండలు అవేనా? దాని నాలుక పక్కకు పట్టుకోండి, నోట్లోకి చూస్తాను.”

“ఏముంది?”

“దవడ పళ్లు అరిగిపోయాయి మావయ్యా. పాపం, నమల్లేకపోతోంది.”

“అంటే ఇన్నాళ్లూ తొట్టి ముందే ఆకలితో నిలబడిందన్నమాట.”

“ఇప్పటికైనా తెలిసింది కదా. రోజూ చక్కెర తీసేసిన బీట్ దుంపల పిప్పి వేడినీళ్లలో మెత్తగా నానబెట్టి పెడదాం. మంచు కరిగేసరికి కాస్త కండ పడుతుంది.”

“పొద్దున రొట్టె పాలలో సరిగ్గా నానలేదని నీ మీద విసుక్కుని గిన్నె నెట్టేశాను కదమ్మా.”

“పోనీలెండి, పళ్లు లేకపోతే ఎవరికైనా విసుగే.”

“అక్కణ్ణుంచి లేచి నేరుగా ఇక్కడికే వచ్చాను. వచ్చి దీన్ని తిట్టాను.”