నూరు డిగ్రీల మిషిను

తాండూరులో చంద్రప్ప ఇంటి ముందు గది. బల్ల మీద మూత విప్పిన కంప్యూటర్. దానికి ఒక పక్క చంద్రప్ప కూతురు అక్షర, ఇంకో పక్క వికారాబాద్‌లో తన కంప్యూటర్ షాపు మూసుకుని మధ్యాహ్నం రైలుకు దిగిన మేనబావ మహిధర్. ఇద్దరి మాటల్లో మర్యాద ఉంది కానీ, అది పిండి వంటలో ఉప్పంత మాత్రమే.

"మళ్ల ఆగిపోయిందా?"

"నీ కండ్ల ముందే ఆగిపాయె గదా బావ. చూసుకుంట అడుగుతవేంది? ఆగేముందు అంకె చూసినవా లేదా?"

"చూసిన. నూరు."

"నూరు డిగ్రీలు. చాయ్ మసలుతది దాని మీద. ఏ పని లేకున్నా అరవై దిగదు. వీడియో తయారుచేసుడు షురూ చేయంగనే నూరు, టప్పున బంద్. ఆదివారం నువ్వు ప్రాసెసర్ మీద వేడి దించే కొత్త కూలర్ బిగించి పోయినకాడి నుంచి ఇదే కథ."

"స్పీడ్ ఎంత పెట్టినవ్?"

"నువ్వు ఫోన్ల చెప్పినంతనే. ఐదు గిగాహెర్ట్జ్. కంపెనీ ఇచ్చిన స్పీడ్ సాలదు, ప్రాసెసర్ని జర పైకి తోల్తే వీడియో జల్ది అయితదని చెప్పింది నువ్వే."

"పైకి తోల్తే వేడి గూడ పెరుగుతదని గూడ చెప్పిన. గందుకే గీ పెద్ద కూలర్ తెచ్చిన."

"తెచ్చి ఏం ఫాయిద? బెంగళూరోళ్లు ఇయ్యాల రాత్రి లోపల పంపుమన్నరు. ఇంక కట్టని ఇంట్ల తిరిగి చూస్తున్నట్టు కంప్యూటర్ల చేసే వీడియో. పంపితే కొలువు నాది, లేకుంటే ఇంకొకరిది. ఇప్పుడు షురూ చేస్తేనే రాత్రికి అయితది."

"తెలుసు."

"తెలిస్తే స్పీడ్ తగ్గిద్దామనకు. తగ్గిస్తే రేపు మధ్యాహ్నానికి గాని కాదు."

"నేను అనలే గదా."

"అంటవని చెప్తున్న. అదిగో, నాన్న చాయ్ తెచ్చిండు. తాగు."

"తాగు అల్లుడా. రైలు దిగి వచ్చినకాడి నుంచి దాంట్లనే తల పెట్టినవ్. ఆగు, గ్లాసు పెట్టనీకి బల్ల తుడుస్త. పొద్దుగాలనే తుడిచిన, మళ్ల చూడు ఎంత దుబ్బ పడ్డదో. పక్కనే బండల పాలిష్ మిషిన్లాయె, పనికాడ నేను దాంట్లనే, ఇంటికొస్తే ఇంట్ల సుత అదే—"

"నాన్న, కీబోర్డు జోలికి పోకు. మొన్న తుడిచి తుడిచి ఏదో బటన్ వత్తినవ్."

"వత్తలే బిడ్డ. తుడిచిన."

"సరే, తుడిచినవ్. నువ్వు పోయి జర ఒరుగు. రాత్రంత డ్యూటీ చేసి వచ్చినవ్."

"గా పెద్ద ఫ్యాన్ విప్పుతున్నరా అల్లుడా?"

"విప్పుతున్న మామ."

"పైలం. బిడ్డ కొలువు దాంట్లనే ఉంది."

"నాన్న, పో. పండుకో... పోయిండు. ఇప్పుడు చెప్పు బావ. నీళ్లతోని నడిచే కూలర్ తెమ్మని నేను ముందే చెప్పిన, యాదికుందా?"

"యాదికుంది. దానికి పంపు, పైపులు, ముంగట జాలి. తాండూర్ దుబ్బకు గా జాలి ఎన్నొద్దులు ఆగుతది? మూసుకపోయిందంటే నీళ్లు గూడ మసలుతయి. గాలిదయితే బ్రష్షుతోని దులిపితే అయిపాయె."

"అంటే నువ్వు తెచ్చిన కూలర్ల ఏ లోపం లేదు."

"లేదు."

"ఫ్యాన్లు?"

"తిరుగుతున్నయి. నువ్వే ఇంటున్నవ్ గదా సప్పుడు."

"మరి పేస్టు? సస్తాది పూసినవా?"

"లేదు."

"ప్రాసెసర్‌కు కూలర్‌కు నడుమ సందు లేకుండ పూస్తేనే వేడి పైకి గుంజుతదని నువ్వే చెప్పినవ్. సస్తాది పూసి ఉంటే ఇప్పుడే ఒప్పుకో, నేనేం అనను."

"సస్తాది కాదు. విప్పుతున్న గదా, నువ్వే చూడు. గీ స్క్రూలు పట్టు. ఒకటి... ఇంకోటి... ఆ. వస్తుంది."

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఏమైంది? ఎందుకు గట్ల చూస్తున్నవ్? కాలిందా?"

"కాలలే."

"జరుగు, నన్ను చూడనియ్యి."

"ఏం లేదు అక్షరా."

"చేతిల ఏంది?"

"ఏం లేదు. దారం."

"ఏం దారం?"

"పచ్చ దారప్పోగు. గాలికొచ్చి పడ్డట్టుంది."

"గట్టిగ బిగించిన రెండు ముక్కల నడుమకు గాలికొచ్చిందా?"

"గా బ్యాగుల రెండు సిరంజిలున్నయి, తియ్యి. టైమ్ పోతుంది."

"మాట మారుస్తున్నవ్."

"టైమ్ పోతుందా లేదా?"

"పోతుంది. ఇగో. ఇది బూడిద రంగు పేస్టు. ఇదేంది, పాదరసం లెక్క మెరుస్తుంది?"

"గది లిక్విడ్ మెటల్. వేరే గిరాకి కోసం తెచ్చిన. లోపల పెట్టు."

"ఇదే పూయ్యి. అన్నింటికన్న ఎక్కువ వేడి గుంజేది ఇదేనని నేను చదివిన. నా పనికేమో మామూలుది, గిరాకికేమో మంచిదా?"

"మంచిదే. గని గీ కూలర్ అడుగు అల్యూమినియం. చెద కట్టె తిన్నట్టు తింటది దాన్ని. ఒక్క బొట్టు జారి బోర్డు మీద పడ్డదనుకో, కరెంటు పాసయి మొత్తం ఖతం. బూడిద రంగుదానికి గా ఫికర్ లేదు. మన పనికి ఇది సరిపోతది. నడుమల కందిగింజంత పెడితే చాలు."

"ఆదివారం ఎంత పెట్టినవ్?"

"సిరంజి ఇయ్యి."

"ఆదివారం కందిగింజంత పెట్టినవా?"

"అక్షరా, ఇయ్యి జర."

"ఇయ్యను. నాకు గూడ కండ్లున్నయి బావ. గా ప్రాసెసర్ కడిగిన పళ్లెం లెక్కుంది. పేస్టు ఆనవాలు గూడ లేదు. ఎండిపోయిందా?"

"ఇంత జల్ది ఎండదు."

"మరి?"

"మర్చిపోయిన."

"ఏం మర్చిపోయినవ్?"

"పేస్టు పెట్టుడే. నువ్వు బువ్వకు పిలిస్తివి. తిని వచ్చేవరకు కరెంటు పోయింది. సెల్లు లైట్ల కూలర్ బిగించి రైలుకు ఉరికిన. గంతే."

"అబద్ధం."

"అబద్ధమెందుకు చెప్త?"

"నువ్వు పెట్టుడు నేను చూసిన. 'ఇగో, ఇంతే పెట్టాలె' అని నాకు చూపెట్టినవ్. గప్పుడే బువ్వకు పిలిచిన."

"చూసినవా?"

"చూసిన. పెట్టినవ్. మరి ఏడవోయింది?"

"ఎక్కువైందని నేనే తుడిచిన. మళ్ల పెడదామనుకొని మర్చిపోయిన."

"ఇంతకుముందే పెట్టుడే మర్చిపోయిన అంటివి. ఇప్పుడు పెట్టి తుడిచిన అంటున్నవ్. దేన్ని నమ్మాలె?"

"ఏదయితేంది. తప్పు నాదే."

"తప్పు కాదు బావ ఇది. వికారాబాద్‌ల సగం మంది కంప్యూటర్లు నీ చేతి మీదనే నడుస్తయి. ఇన్నేండ్లల్ల ఒక్కళ్లకన్న గిట్ల చేసినవా? నా దానికే ఎందుకు?"

"మనిషిని గదా. మర్చిపోయిన."

"పోయిన నెల అత్త మన పెండ్లి మాట తీస్తే, ముందు కొలువు అన్న నేను. గది కడుపుల పెట్టుకున్నవ్."

"లేదు."

"నేను బెంగళూరు పోవుడు నీకిష్టమా?"

"గది ఇప్పుడెందుకు?"

"ఇష్టమా, కాదా?"

"కాదు."

"చూసినవా?"

"నువ్వు పోతే నాకు బాధయితది. దాచిపెట్టలే, ఇప్పుడు అడిగినవ్ కాబట్టి చెప్పిన. గని పోనియ్యొద్దని మిషిను చెడగొట్టేటంత నీచుణ్ని కాదు."

"మరి ఎవరు చెడగొట్టిన్రు? గా రోజు ఇంట్ల ఉన్నది ముగ్గురం. నా నోటికాడి ముద్ద నేనే తీసుకుంటనా? నాన్నకు గా ప్రాసెసర్ పేరు సుత నోరు తిరగది. ఇంకెవరున్నరు?"

"ఎవరు లేరు."

"ఎవరు లేకుంటే?"

"నేనే. నేనే తుడిచిన. సరేనా? ఇప్పుడన్న సిరంజి ఇయ్యి."

"ఇస్త. నాకు పనుంది కాబట్టి ఇస్త. ఇది నడిచినంక నువ్వు రైలెక్కు బావ. మళ్ల మా ఇంటి గడప తొక్కకు. అత్తకు నేనే ఫోన్ చేసి చెప్త, నీ కొడుకు ఎసొంటోడో తెలుసుకో అని."

"చెప్పు."

"గంత సులువుగ చెప్పుమంటవా? జరంత సిగ్గన్న లేదా?"

"మెల్లగ మాట్లాడు. మామ లేస్తడు."

"లేస్తే ఏమాయె? నాన్నకు గూడ తెల్వాలె."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"రాత్రంత పని చేసి వచ్చిండు. పండుకోనియ్యి. నీకు దండం పెడ్త అక్షరా, నన్ను ఎంతన్న తిట్టు, మామను మాత్రం లేపకు. ఇగో, పెట్టిన. నడుమల కందిగింజంత. కూలర్ అందియ్యి, జల్ది."

"గంత తొందరేంది నీకు?"

"కూలర్ అందియ్యి అన్న గదా."

లోపలి గది తలుపు తీసుకుని, భుజం మీద తువ్వాలతో చంద్రప్ప వచ్చాడు.

"ఏందిది, గిట్ల లొల్లి పెట్టుకున్నరు? నిద్ర వట్టకపాయె. ఏమైంది అల్లుడా, మొఖం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదు మామ. అయిపోవచ్చింది. నువ్వు పో, పండుకో."

"నాన్న, నీ అల్లుడు ఏం చేసిండో అడుగు."

"అక్షరా, వద్దన్న."

"అల్లుడు మంచిగనే చేస్తడు తియ్యి. ఏది, చూడనీ... అగో, దాని నెత్తిన మళ్ల గా బూడిద బురద పడె."

"మామ, చెయ్యి పెట్టకు. నువ్వు లోపలికి—"

"జర జరుగు అల్లుడా. ఆదివారం నువ్వు బువ్వ తినేటప్పుడు సుత గిట్లనే పడ్డది, గీ పచ్చ తువ్వాలతోనే అద్దం లెక్క తుడిచి పెట్టిన. నా బతుకంటే గీ దుబ్బలనే పాయె, నా బిడ్డ కొలువు మిషినుకన్న అంటొద్దు గదా."