గుంటల్లేని ట్రే

యార్క్‌షైర్‌లోని స్కిప్టన్ ఊళ్ళో, శనివారం సంతలో, గిన్నెల దుకాణం ముందు ఆయన టోపీ తీసి చేత పట్టుకున్నాడు. దుకాణం ఆవిడ తలెత్తి చూడగానే, దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ గాలికి కొట్టుకుపోయాయి.

"మళ్ళీ వచ్చారా! పోయిన వారం కొన్న ట్రే ఏమైంది? నంజుకు తినేశారా?"

"మాంసంలోకని పోసిన పుడ్డింగులు అందులో పొంగలేదండీ."

"గుంటల్లో కొవ్వు పొగలు కక్కాకే గుడ్లూ పాలూ కలిపిన పిండి పోశారా?"

"పోశాను."

"మధ్యలో ఓవెన్ తలుపు తీశారా?"

"ఒక్కసారే. కొంచెం."

"ఖర్మ! తలుపు తీస్తే పొంగింది చప్పబడిపోదూ? యార్క్‌షైర్‌లో పుట్టిన మనిషేనా మీరు? ఇదిగో, పల్చటి రేకుది. నాలుగు గుంటలు."

"నాలుగైతే రెండు నేను తింటాను. మిగతా రెండూ నా మొహం చూస్తూ చల్లారిపోతాయి."

"అయితే గుంటల్లేని ఈ పెద్దది పట్టుకెళ్ళండి. ఒక్కటే పొంగుతుంది, దిండంత!"

"దాన్ని కోసి, సగం ఎవరికి పెట్టను?"

ఆవిడ ఆ ట్రేని గుడ్డతో తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు.

"ఈ ముక్క అడగడానికా, మూడు వారాలుగా ట్రేలు కొంటున్నారు?"

"ఇంకోటి కూడా కొందామనే వచ్చాను."

"చాల్లెండి సంబడం! ఇది రేపు భోజనాల వేళకి నేనే తెస్తాను. పిండీ నేనే పోస్తాను."

"మరి నేనేం చెయ్యను?"

"చేతులు కట్టుకుని కూర్చోండి. ఓవెన్ తలుపు మీద చెయ్యి పడిందో, సగం కాదు, మొత్తం నేనే తినేస్తాను!"