చిన్నోడి పేరు

చెరకు తోటల అంచున రేకుల ఇల్లు, పొద్దు వాలుతోంది. వంటింటి గడప మీద దిగ్నోరా కందికాయలు ఒలుస్తోంది. ఎదురుగా, బోర్లించిన బకెట్ మీద బేస్‌బాల్ కోచ్ ఎలాదియో. ఆమె చిన్నకొడుక్కి చర్చిలో పేరు పెట్టించిన జ్ఞానతండ్రి; ఆమె ఆయన్ని అన్నయ్యా అంటుంది, ఆయన ఆమెను వదినా అంటాడు. వచ్చి గంటయింది, ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది గానీ ఆయన ఉపదేశం మాత్రం చల్లారలేదు.

“మళ్ళీ మొదట్నుంచి, వదినా. నేను లీగ్ మనిషిని అనుకో, కుర్రాడి వయసు నిజమో కాదో చూడ్డానికి రాజధాని నించి వచ్చాను. బూట్లు దులుపుకుని లోపలికొచ్చాను. ‘అమ్మా, మీకెంతమంది పిల్లలు?’”

“ఇద్దరు.”

“ఇద్దరు కాదు. ‘ఇద్దరు పుట్టారు, ఒకడు పోయాడు.’”

“ఇద్దరు పుట్టారు. ఒకడు పోయాడు.”

“ఎవరు పోయారు?”

“ఈ ఏడు కందికాయ బొత్తిగా బాలేదన్నయ్యా. చూడు, నాలుగు గింజల్లో రెండు పుచ్చులే.”

“వదినా.”

“వింటున్నాను.”

“ఎవరు పోయారు?”

“చిన్నోడు.”

“అదిగో! అదే వద్దంటున్నది. పెద్దోడు పోయాడు. ఆర్గెనిస్ పోయాడు. ఉన్నది చిన్నోడు, యెఫ్రి. పదహారేళ్ళు. నా గ్రౌండ్‌లో బంతి విసురుతున్నాడు. ఇంతే కదా!”

“ఇంతే.”

“మరి నోరెందుకు తిరగదు?”

“ఉన్నవాడికి పద్దెనిమిది నిండాయి కదన్నయ్యా.”

“అందుకే కదా ఈ తిప్పలు! గంటకి తొంభై మూడు మైళ్ళు విసురుతున్నాడు. పద్దెనిమిదేళ్ళోడు తొంభై మూడు విసిరితే గుంపులో గోవిందయ్య. అదే పదహారేళ్ళోడు విసిరాడనుకో, కుర్రాళ్ళని కొనే జట్లవాళ్ళు కుర్చీల్లోంచి లేచి నిలబడతారు. బంతి అదే, చెయ్యి అదే.”

“పదహారేళ్ళప్పుడు నొప్పన్నాడు.”

“ఏంటి?”

“మోచెయ్యి. నొప్పన్నాడు. ‘మగాడివి, ఓర్చుకో’ అన్నావు.”

“అన్నాను. కాదనడం లేదు. ఆ ఆదివారం వాడిచేత నూట పది బంతులు వేయించాను. పసి చెయ్యి. నాకు తెలియక కాదు, ఆ ఆట గెలవాలని. ఏడాదిన్నర వాడు బంతి ముట్టలేదు. పిల్లల్ని తయారుచేసేవాణ్ణని చెప్పుకుంటాను, నేను చేసిన పని అది. వాడి రెండేళ్ళు నేను తినేశాను వదినా. నేనే తెచ్చిస్తాను.”

“ఎవరివి తెచ్చిస్తావు?”

“అదేంటి?”

“రెండేళ్ళు. ఎవరివి?”

“... నీళ్ళు కాసిని ఇస్తావా?”

“కుండలో ఉన్నాయి, ముంచుకో.”

“సరే. మళ్ళీ. ‘మీ పెద్దబ్బాయి ఎలా పోయాడమ్మా?’”

“డెంగ్యూ. మొదటిరోజు ఒళ్ళునొప్పులన్నాడు. బడి ఎగ్గొట్టడానికేమో అనుకున్నాను. మూడోరోజుకి ముక్కులోంచి రక్తం. ఆసుపత్రిలో మంచం లేదు, బెంచీ మీద పడుకోబెట్టాం. మామిడిపండు కావాలన్నాడు.”

“బాగుంది. ఇలాగే చెప్పు. పేరొక్కటే మార్చు.”

“మామిడిపండు అడిగింది చిన్నోడు. అది కూడా పెద్దోడే అడిగాడనాలా?”

“అనాలి. ఏడుపొస్తే ఏడు. ఇంకా మంచిది.”

“రాదన్నయ్యా. అప్పుడూ రాలేదు. రాతిగుండె అని ఊరంతా అనుకోలేదూ?”

“ఊళ్ళోవాళ్ళకేం, నోటికి పనుండాలి. ఇంట్లో వాణ్ణి యెఫ్రి అనే పిలుస్తున్నావా? చెప్పానుగా.”

“‘ఏరా’ అంటున్నాను.”

“‘ఏరా’ అంటే లాభం లేదు. లీగ్ మనిషి ముందర నోరు జారితే అంతా గంగలో కలుస్తుంది. గ్రౌండ్‌లో మేమందరం అలాగే పిలుస్తున్నాం. మొదటి మూడ్రోజులు వాడు వెనక్కి తిరగనేలేదు. నాలుగోరోజు తిరిగాడు.”

“ఏమన్నా అన్నాడా?”

“అన్నాడు. ‘అమ్మ పిలిచేదాకా అది తమ్ముడి పేరే. అమ్మ పిలిస్తే అప్పుడు నాది’ అన్నాడు.”

“ఊఁ.”

“ఊఁ అంటే?”

“ఊఁ అంటే విన్నానని.”

“నీతో వేగడం నా వల్ల కాదు. ఒకటి మాత్రం మన అదృష్టం. పద్దెనిమిది నిండినా వాడికి గుర్తింపు కార్డు తీయించలేదు. వేలిముద్ర ఎక్కడా పడలేదు. ఇంతకీ ఎందుకు తీయించలేదు?”

“వీలు పడలేదు.”

“ఎనిమిది నెలల్లోనా?”

“వానలు.”

“ఎనిమిది నెలల వానలా! సరే, పోనీ. ఇంక మిగిలిందొక్కటే. మరణపత్రం. దాని మీద చిన్నోడి పేరుంటుంది. దాన్ని పెద్దోడి పేరుకి తిప్పించాలి. జనన మరణాల ఆఫీసులో నాకు తెలిసినవాడున్నాడు. రేపు పొద్దున్నకల్లా కాయితం తెమ్మన్నాడు. ఇవ్వు.”

“ఎక్కడో ఉంది.”

“ఎక్కడ?”

“చెదలు పట్టిందేమో.”

“వదినా, లీగ్ మనిషి ఎల్లుండి వస్తున్నాడు. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఇంకో అవకాశం వాడికి రాదు. పంతొమ్మిది దాటితే ఆ చెరకు తోటలే గతి. వాడి నాన్న చేతులు నువ్వు చూడలేదా?”

“బిస్కెట్ డబ్బాలో ఉంది. లోపల, మేరీమాత వెనకాల.”

“నువ్వు లేవకు. నేను తెచ్చుకుంటాను.”

“తెచ్చుకో.”

“మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది! ఎప్పుడూ తీయవా?”

“తీయను.”

“ఆఁ, వచ్చింది. ఇదేనా? ఇదే. ‘మరణించినవారి పేరు’... వదినా.”

“ఊఁ.”

“ఇదేంటి?”

“చదివావుగా.”

“ఆర్గెనిస్ అని ఉంది. పెద్దోడి పేరు.”

“ఊఁ.”

“నాకు చెప్పకుండా ఎవరిచేత మార్పించావు?”

“మార్పించలేదు. తేదీ చూడు, మూడేళ్ళ కిందటిది. సంతకం నాదే.”

“చిన్నోడు పోయిన మర్నాటిది.”

“ఇద్దరి జననపత్రాలూ ఒకే కవర్లో ఆ ఆఫీసుకి పట్టుకెళ్ళాను. ‘పోయింది ఎవరమ్మా’ అంది అక్కడి పిల్ల. పేరు చెబ్దామంటే నోరు పెగల్లేదు. చేతికొచ్చిన కాయితం ఇచ్చాను. అది చూసి ఎక్కించేసింది. తొమ్మిది రోజుల ప్రార్థనా అయ్యాక, ఇల్లు సర్దుతూ చూశాను.”

“అయితే కార్డు తీయించంది...”

“చచ్చిపోయినవాడికి కార్డు ఎవరిస్తారన్నయ్యా?”

“మూడేళ్ళు! ఒక్కసారన్నా వెళ్ళి దిద్దించుకోవాల్సింది కదా!”

“రెండుసార్లు వెళ్ళాను. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ‘ఏం కావాలమ్మా’ అంది. ‘ఏం లేదు’ అని వచ్చేశాను.”

“ఎందుకు?”

“దిద్దాలంటే చిన్నోడు పోయాడని రాయమని నా నోటితో నేను చెప్పాలి. ఆ కాయితంలో వాడు బతికున్నాడు. ఎక్కడో ఒకచోట ఉన్నాడు.”

“మరి పెద్దోడు?”

“పెద్దోడు కళ్ళెదురుగా తిరుగుతున్నాడు కదా. వాడికి కాయితమెందుకులే అనుకున్నాను.”

“ఈ డబ్బా మూత మళ్ళీ పట్టడం లేదు.”

“కాఫీ మళ్ళీ వెచ్చబెట్టనా?”

“వద్దు. వాడికి తెలుసా?”

“ఎలా చెప్పను? నువ్వు మాత్రం చెప్పగలవా? చిన్నోడికి పేరు పెట్టి తలమీద నీళ్ళు పోయించింది నువ్వే. ఆ పేరు తియ్యమని అడుగుతున్నదీ నువ్వే.”

“వద్దులే వదినా. వదిలేద్దాం. నేను... లాయరుని పట్టుకుని ఇది దిద్దిద్దాం. పద్దెనిమిదేళ్ళోడిగానే విసురుతాడు.”

“దిద్దడానికి ఎంతకాలం పడుతుంది?”

“ఏడాది పైనే.”

“అప్పటికి పంతొమ్మిది దాటుతాడు.”

“దాటుతాడు.”

“చెరకు తోటలే గతి అన్నావు.”

“అన్నాను.”

“అయితే అడుగు. మొదట్నుంచి.”

“ఇప్పుడా?”

“అడుగన్నయ్యా. కాయలు అయిపోవస్తున్నాయి.”

“... ‘అమ్మా, మీకెంతమంది పిల్లలు?’”

“ఇద్దరు పుట్టారు. ఒకడు పోయాడు.”

“‘ఎవరు పోయారు?’”

“పెద్దోడు. జ్వరమొచ్చి. మామిడిపండు అడిగాడు.”

“‘మరి చిన్నబ్బాయి?’”

“ఉన్నాడు. బంతి విసురుతాడు. అదిగో, గేటు చప్పుడు.”

“అమ్మా, ఆకలి! కోచ్ కూడా ఇక్కడే ఉన్నారా? ఇవాళ నలభై బంతులే వేశాను కోచ్, మీరు చెప్పినట్టే. చెయ్యి కొంచెం కూడా నొప్పి లేదు. ఏంటలా ఉన్నారు? అమ్మా, ఎవరో పోయారంటున్నావు, ఎవరు?”

“ఎవరూ పోలేదు. చేతులు కడుక్కుని రా, యెఫ్రీ.”